మేకు పీకే ముందు: పాత చెక్క సామాన్ల మీద ఒక మాట

చెన్నై టీ నగర్‌లో ఒక ఆదివారం సాయంత్రం తెలుగువాళ్ళం కొందరం కూడినప్పుడు ఇచ్చిన ప్రసంగం ఇది. రాలేకపోయినవాళ్ళ కోసం రికార్డింగు విని టైపు చేశాం. తడబాట్లు తప్ప ఏమీ తీసెయ్యలేదు.

వెనక కూర్చున్నవాళ్ళు కాస్త ముందుకి రండి. నేను చూపించబోయేవన్నీ అర అంగుళం, ముప్పావు అంగుళం వస్తువులు, అక్కణ్ణుంచి కనపడవు. అమ్మా, మీరు కూడా, ఆ ఫ్యాను కింద కుర్చీ ఖాళీగానే ఉంది.

సరే. మీలో ఎంతమంది ఇళ్ళల్లో తాతల నాటి చెక్క సామాను ఉంది? చేతులెత్తండి. బాగానే ఉన్నారే! నెల్లూరు నుంచో చిత్తూరు నుంచో లారీలో ఎక్కించుకొచ్చిన భోషాణం, పడక కుర్చీ, అద్దాల బీరువా, ఉయ్యాల బల్ల. చేతులు దించకండి, ఇంకో ప్రశ్న ఉంది. వాటికి ఇంట్లోవాళ్ళు ఒక్క మేకు కూడా అదనంగా కొట్టలేదని చెప్పగలిగినవాళ్ళు మాత్రం అలాగే ఉంచండి. చూశారా, అన్నీ దిగిపోయాయి.

క్యాలెండరుకి ఒక మేకు. అది చాలక, క్యాలెండరు పక్కన తాళాలకి ఇంకోటి. సంక్రాంతికి తోరణం కట్టడానికి బీరువా పైన అటొకటి ఇటొకటి. పేము అల్లిక తెగిపోతే దాని మీద రెక్సిన్ పరిచి చుట్టూ వరసగా చిన్న చీలలు. బర్మా టేకు అని ఊరంతా చెప్పుకుంటాం, దానికే దోమతెర కట్టడానికి మేకు కొడతాం.

పీకే పని తర్వాత మాట్లాడదాం. ముందు అది ఎవరు కొట్టిన మేకో తేల్చుకోవాలి. నా లెక్కలో మూడు రకాలు. ఒకటి, ఇప్పుడు చెప్పుకున్నవి, మనం కొట్టినవి. వీటికి చెక్కతో ఏ సంబంధమూ లేదు, పీకెయ్యొచ్చు. రెండోది, అతుకు వదులైతే ఎవరో వడ్రంగి ఆచారి హడావిడిగా పక్కనుంచి రెండు మేకులు దిగ్గొట్టి "పది సంవత్సరాలు కదలదు" అని చెప్పి వెళ్ళిపోయినవి. ఇవి పీకాల్సినవే, కానీ పీకేస్తే ఆ కాలు ఊడి చేతికొస్తుంది, కాబట్టి అతుకు బాగుచేసే ఏర్పాటు అంతా చేసుకుని అప్పుడు పీకాలి. మూడోది, ఆ వస్తువు చేసినవాడే మొదట్లో కొట్టినవి. పెట్టె మూలల్లో ఇనప పట్టీల కింద ఉన్నవి, సొరుగు అడుగు పలకని పట్టుకున్నవి. వీటి జోలికి పోకండి. తుప్పు పట్టి చెక్కని చీలుస్తుంటే తప్ప ఆ మేకులు అక్కడే ఉండాలి.

"ఎవరు కొట్టారో మాకెలా తెలుస్తుంది?" అని అడుగుతున్నారు. మేకే చెబుతుందండీ. ఇదిగో, ఇది చూసి పక్కవాళ్ళకి ఇవ్వండి. నాలుగు పలకలుగా ఉంది, కిందికి పోయేకొద్దీ సన్నబడింది, తల మీద సుత్తి దెబ్బలు కనపడుతున్నాయి. కమ్మరి కొలిమిలో ఒక్కొక్కటిగా కొట్టింది. తర్వాత 1800 ప్రాంతంలో పాశ్చాత్య దేశాల్లో ఇనప రేకుని యంత్రంతో కోసి మేకులు చెయ్యడం మొదలైంది. వాటికి రెండు వైపులే సన్నబడతాయి, మిగతా రెండు వైపులు సమానంగా ఉంటాయి. ఇప్పుడు మనం కిలోల లెక్కన కొనే గుండ్రటి తీగ మేకు బాగా వాడకంలోకి వచ్చింది 19వ శతాబ్దం చివర్లో. అలాగని పలకల మేకు కనపడగానే రెండు వందల సంవత్సరాల నాటిదని ఎగిరి గంతేయకండి, మన ఊళ్ళల్లో కమ్మరులు ఆ తర్వాత కూడా చాలాకాలం కొడుతూనే ఉన్నారు. ఈ లెక్కనే తిరగేసి వాడితే మాత్రం గట్టిగా పనికొస్తుంది. భోషాణం 1850 నాటిదని అమ్మేవాడు ప్రమాణం చేస్తుంటాడు, కబ్జా, అంటే మూత తిరిగే మడత బందు, తీసి చూస్తే లోపల ప్లస్ గుర్తు తల ఉన్న మర. ఆ ప్లస్ మర పుట్టిందే 1930లలో! కబ్జా తర్వాత మార్చారని అంటాడు. మార్చి ఉండొచ్చు కూడా. కానీ బేరం అక్కణ్ణుంచి మొదలుపెట్టండి.

ఇక పనిలోకి. టార్చి తీసుకుని చెక్క మీద ఏటవాలుగా వెయ్యండి, నిటారుగా కాదు. పుట్టీ పూసి రంగేసి దాచేసిన మేకు తలలు కూడా చిన్న గుంటలుగానో బుడిపెలుగానో తేలతాయి. అయస్కాంతం ఒకటి దగ్గరుంచుకోండి, పాడైన స్పీకర్లోది చాలు, గుడ్డలో చుట్టి నెమ్మదిగా జరపండి. అంటుకుంటే ఇనుము. కనపడుతోంది గానీ అంటుకోవట్లేదంటే ఇత్తడి పిన్ను, లేదా చెక్క సీల. చెక్క సీలని మేకు అనుకుని పట్టకారుతో నలిపేసిన వస్తువులు చాలా చూశాను, దయచేసి ఆ పని చెయ్యకండి.

ఆ తర్వాత వెనక్కి తిప్పి చూడండి. ఇది ఎవరూ చెయ్యరు! మేకు మొన అవతలికి వచ్చిందా? వచ్చి వంగి ఉందా? పాత పెట్టెలకీ తలుపులకీ మేకుని అవతలికి దిగ్గొట్టి, మొనని వంచి చెక్కలోకి అణిచేసేవాళ్ళు, ఊడిరాకుండా. అది తెలియక మీరు తల పట్టుకుని లాగితే ఆ వంకర కొక్కెం చెక్కని చీల్చుకుంటూ వస్తుంది. ముందు ఆ మొనని సన్న స్క్రూడ్రైవర్‌తో లేపి, నోస్ ప్లయర్‌తో నిటారుగా చెయ్యాలి. తర్వాత మొన మీద పంచి, అంటే సుత్తితో తట్టే సన్న ఉక్కు కడ్డీ, పెట్టి వెనకనుంచి చిన్నగా తట్టాలి, తల వైపు కింద ఒక చెక్కముక్క ఆనించి, ఆ ముక్కకి మేకు తల పట్టేంత రంధ్రం పెట్టి. తల రెండు మిల్లీమీటర్లు పైకి లేస్తే చాలు, మిగతాది ముందునుంచి పట్టుకుని తియ్యొచ్చు. మొన కనపడే మేకుకి ఇంతకంటే మంచి దారి లేదు.

మొన కనపడకపోతే? అప్పుడే టెన్షన్. ఎందుకంటే పాత సామాను పాడయ్యేదంతా తల దగ్గరే. మేకు లోపల ఎంత పొడుగుందన్నది పెద్ద సమస్య కాదు, అది వచ్చిన దారినే వస్తుంది. తల చుట్టూ ఉన్న ఆ రెండు మూడు మిల్లీమీటర్ల చెక్క, దాని మీది పాలిష్, అక్కడే మన పనిముట్టు దిగుతుంది, అక్కడే ఆనుతుంది, అక్కడే గుంట పడుతుంది. ఈ సాయంత్రం ఈ ఒక్క మాట పట్టుకెళ్ళినా చాలు.

కాబట్టి సుత్తి వెనక చీలిక ఉంటుంది చూడండి, మేకులు పీకేది, దాన్ని ఇంట్లోనే వదిలెయ్యండి. సెంట్రింగ్ పనికి అది బంగారం లాంటి పనిముట్టు. పాత టేకు మీద పెట్టి వెనక్కి వంచారంటే బరువంతా ఒక్క చోట పడి అర్ధచంద్రాకారంలో గుంట దిగుతుంది, ఇక ఎన్ని పాలిష్‌లు కొట్టినా అది పోదు.

నేను వాడేవి ఇవిగో. ఒకటి, గోనెసంచి కుట్టే సూది, దీనితో తల చుట్టూ పేరుకున్న మైనం, పాలిష్, పుట్టీ గీరెయ్యాలి. కాల్లో ముల్లు తీసేటప్పుడు చుట్టూ చర్మాన్ని కాస్త విడదీసి అప్పుడు లేపుతాం చూడండి, అంతే ఓపికగా. రెండోది సన్నటి బ్లేడు కత్తి. తల చుట్టూ పాలిష్ పొరని ఒక గీత గీయాలి, లేకపోతే మేకు వస్తూ వస్తూ చుట్టూ పాలిష్‌ని రేకులుగా లేపుకుని వస్తుంది. మూడోది, ఈ ఎండ్ కట్టర్, మూతి కొసన అడ్డంగా కోసే పట్టకారు. పారిస్ కార్నర్ వైపు హార్డ్‌వేర్ వీధుల్లో ఏ కొట్లో అడిగినా ఇస్తారు. కొన్నాక ఒక పని చెయ్యాలి, గ్రైండర్ మీద దీని మూతిని చదునుగా అరగదీయించాలి. కొత్తదాంట్లో పళ్ళకీ మూతి అంచుకీ మధ్య కాస్త ఎడం ఉంటుంది, చెక్క మీద చదునుగా ఉన్న తల దానికి అందదు. అరగదీస్తే ఆ అంచు నేరుగా తల కిందికి జారుతుంది. మరీ గట్టిగా నొక్కొద్దు, అది కట్టర్, మేకు తల తెగి పక్కన పడుతుంది. ఇక పాత ఏటీఎం కార్డులు, సన్న ప్లైవుడ్ ముక్కలు. పనిముట్టు ఎక్కడ ఆనినా దాని కింద ఇవి ఉండాలి. మాస్కింగ్ టేప్ అంటించొచ్చా అని అడుగుతారు. పాత పాలిష్ మీద వద్దు, టేప్ లాగినప్పుడు పాలిష్ కూడా వచ్చేస్తుంది.

పట్టు దొరికాక చాలామంది వెంటనే లాగేస్తారు. ఆగండి. తల మీద చిన్న సుత్తితో ఒక్కసారి, లోపలికి, చాలా చిన్నగా తట్టండి. బయటికి తియ్యాలంటే లోపలికి కొట్టడమేమిటా అని చూస్తున్నారు కదూ? తుప్పు మేకునీ చెక్కనీ కలిపి పట్టుకుంటుంది. వెంట్రుకవాసి కదిలితే ఆ పట్టు విడిపోతుంది. తర్వాత లాగడం సులువు. కానీ చెక్క అంచున ఉన్న మేకుకీ, అప్పటికే చీలిక కనపడుతున్న చోటా ఇది చెయ్యొద్దు.

లాగేటప్పుడు కట్టర్ గుండ్రటి వీపు మీద నెమ్మదిగా దొర్లించండి, నారల దిశలో. నారలకి అడ్డంగా దొర్లిస్తే అంచు నలుగుతుంది. కొంచెం పైకి రాగానే పట్టు కిందికి మార్చుకోండి, కింద ఇంకో ప్లైవుడ్ ముక్క వెయ్యండి, ఎత్తు పెంచుతూ పోండి. ఎప్పుడూ నిటారుగానే రావాలి. ఒకే లాగుడులో తెచ్చానని చెప్పుకోవడానికి ఇది పందెం కాదు. గుండ్రటి తీగ మేకైతే అటూ ఇటూ కాస్త మెలితిప్పొచ్చు, చక్కగా వదులవుతుంది. ఆ నాలుగు పలకల మేకుని మాత్రం తిప్పకూడదు. ఎందుకో తెలుసుగా? దాని మూలలు నారల్ని కోసేస్తాయి. అది ఎవరి దగ్గరుంది ఇప్పుడు? ఆ, మీ దగ్గరేనా, వేళ్ళ మధ్య తిప్పి చూడండి, అర్థమవుతుంది.

కదలట్లేదనుకోండి, అప్పుడు వేడి. 25 వాట్ల సోల్డరింగ్ ఐరన్, రేడియోలు బాగుచేసేది, దాని మొన మేకు తలకి ఆనించి 20, 30 సెకన్లు ఉంచి, తీసేసి, చల్లారనివ్వాలి. మేకు వేడికి ఉబ్బి రంధ్రాన్ని పెద్దది చేస్తుందని అందరూ చెబుతారు. లెక్క వేస్తే ఆ ఉబ్బు వెంట్రుక మందంలో పదోవంతు కూడా ఉండదు. నేననుకోవడం, అసలు పని చేసేది మేకు చుట్టూ ఉన్న చెక్క ఎండి కాస్త ముడుచుకోవడం, తుప్పు పొర పగలడం. ఎలాగైతేనేం, పనిచేస్తుంది. కానీ జాగ్రత్త! పాత పాలిష్‌లు చాలావరకు లక్కతో చేసినవి, లక్క 80 డిగ్రీలు దాటకముందే మెత్తబడిపోతుంది. వేడి కాఫీ గ్లాసు పెడితే తెల్లటి వలయం పడే బల్లలు చూశారు కదా, ఆ పాలిష్ ఇదే. కాబట్టి ఐరన్ మొన తల దాటి చెక్కని తాకకూడదు, పొగ కనపడిందంటే చాలా ఆలస్యమైనట్టే.

ఇంకొకటి చేస్తుంటారు, డబ్ల్యూడీ-40 అనే తుప్పు వదిలించే స్ప్రే కొడతారు, లేకపోతే కిరసనాయిలు, కొబ్బరినూనె. ఇనుము మీద ఇనుము పట్టుకుపోతే అది మంచి మందే. చెక్కలో మాత్రం నూనెని నారలు తాగేస్తాయి, మచ్చ పడుతుంది, తర్వాత అక్కడ జిగురూ పట్టదు పాలిషూ పట్టదు. వద్దు.

మన ఊరి సంగతి ఒకటి చెప్పాలి. మెరీనా గాలి బాగుంటుంది, మేకులకి బాగుండదు. ఉప్పు గాలి, తేమ, రెండూ కలిసి ఇనుముని తినేస్తాయి. తుప్పు అసలు ఇనుము కంటే రెండు రెట్లకు పైనే చోటు అడుగుతుంది, ఆ చోటు కోసం చెక్కని లోపలినుంచి తోస్తుంది. బీచి దగ్గరి ఇళ్ళల్లో బీరువా తలుపులకి మేకు చుట్టూ సన్నటి బీటలు కనపడతాయి చూడండి, ఎవరూ కొట్టకుండానే పడ్డ బీటలు అవి. మీరు ఈ పని అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, ఈశాన్య వానల్లో, పెట్టుకోకండి. చెక్క నీరు పీల్చి ఉబ్బి మేకుని బిగించి పట్టుకుంటుంది. ఎండలు ముదిరాక, ఏప్రిల్ మేలో, అదే మేకు సగం శ్రమతో వస్తుంది. మేలో చెన్నైలో కూర్చుని చెక్క పని చెయ్యాలా అంటారా... పొద్దున్నే చేసుకోండి.

బీడింగు ముక్కలకి, అద్దం చుట్టూ పట్టీలకి తలలేని పిన్నులు ఉంటాయి. వీటిని ముందునుంచి తవ్వొద్దు, పట్టుకోవడానికి తలే లేదు. పలచటి పుట్టీ కత్తిని పట్టీ కింద పెట్టి, పిన్ను ఉన్న చోటే, మధ్యలో కాదు, కొంచెం కొంచెంగా లేపుతూ పోండి. పట్టీ పిన్నులతో సహా ఊడి వచ్చేస్తుంది. అప్పుడు పట్టీని బోర్లా తిప్పి, వెనకనుంచి పిన్నుని పట్టుకుని లాగెయ్యండి. పిన్ను వెనక్కే జారి వస్తుంది, ముందువైపు పూసిన పాత పుట్టీ, పాత రంగు, ఏదీ చెదరదు. రెండు పలకల మధ్య మేకు ఉండి, మధ్యలో సందు దొరికితే, హాక్సా బ్లేడుకి ఒక కొస గుడ్డ చుట్టి పట్టుకుని ఆ సందులోనే మేకుని కోసెయ్యండి, బ్లేడుకి రెండు వైపులా కార్డులు పెట్టి. పలకలు విడిపోయాక ముక్కల సంగతి చూసుకోవచ్చు.

రెక్సిన్ చీలలు వందల్లో ఉంటాయి, వాటికి ఇంత పూజ అక్కర్లేదు. బట్ట ముందు చింపి తీసెయ్యండి, పళ్ళున్న లిఫ్టరు కింద కార్డు పెట్టి లేపుకుంటూ పోండి, అంతే. కళ్ళద్దాలు మాత్రం పెట్టుకోండి, చీలలు ఎగురుతాయి. రంగేసిన పాత కుర్చీ అయితే ఇంకో మాట, మన దేశంలో ఇంటి రంగుల్లో సీసం 90 పీపీఎం, అంటే పది లక్షల పాళ్ళలో 90, దాటకూడదని నియమం వచ్చిందే 2016లో. అంతకు ముందు వేసిన రంగుని పొడిగా ఉప్పు కాగితం పెట్టి రుద్దకండి, పిల్లలున్న ఇంట్లో అసలే వద్దు.

తల తెగిపోతే? తెగుతాయి, తుప్పు తిన్న మేకులు తెగకుండా ఎలా ఉంటాయి? తెగితే మొదటి ప్రశ్న, ఆ ముక్క అక్కడ ఉంటే నష్టం ఏమిటి? పొడి ఇంట్లో, లోపలి చెక్కలో, ఎవరికీ కనపడని చోట ఉంటే పంచితో ఇంకొంచెం లోపలికి దించి పైన మైనంతో మూసెయ్యండి, వదిలెయ్యండి. ఆ ముక్క కోసం బొటనవేలంత గొయ్యి తవ్విన బల్లలు చూశాను. తియ్యాల్సిందే అయితే, ఇదిగో, స్ప్రింగ్ పిన్ను అంటారు, మిషన్ల సామాన్ల కొట్లో దొరుకుతుంది, లోపల బోలుగా ఉండే ఉక్కు గొట్టం. మేకు కంటే కాస్త పెద్ద బోలు ఉన్నది తీసుకుని, ఒక కొసకి ఆకురాయితో పళ్ళు కొయ్యండి, డ్రిల్ మిషన్‌కి బిగించండి, మేకు చుట్టూ నెమ్మదిగా తిప్పండి. మొదట్లో జారిపోకుండా, రంధ్రం పెట్టిన ప్లైవుడ్ ముక్కని పైన క్లాంపు చేసుకోండి. మేకు, దాని చుట్టూ సన్నటి చెక్క గొట్టం, రెండూ కలిసి బయటికి వస్తాయి. మిగిలేది శుభ్రమైన గుండ్రటి రంధ్రం, దానికి అదే జాతి చెక్కతో బిళ్ళ చేసి, నారల దిశ కలిపి దించితే, వెతికితే తప్ప కనపడదు.

రంధ్రాల సంగతికి వచ్చాం కాబట్టి. రంపపు పొట్టు ఫెవికాల్‌లో కలిపి నింపడం మనకి అలవాటు. ఎండాక అది చుట్టుపక్కల చెక్క కంటే నల్లగా, మొద్దుగా కనపడుతుంది, పాలిష్ పట్టదు. చిన్న రంధ్రానికి రంగు కలిపిన మైనం చాలు, రేపెవరైనా తియ్యాలన్నా వస్తుంది. అతుకులకి నేను సరేసే వాడతాను, జంతువుల చర్మం, ఎముకలు ఉడికించి చేసే పాతకాలం జిగురు, వాసన భరించాలి, ఇంట్లోవాళ్ళు తిడతారు, కానీ వేడి, తడి తగిలిస్తే మళ్ళీ విడిపోతుంది. ఎగ్మూరు మ్యూజియంలో 1930లోనే రసాయన పరిరక్షణ కోసం ఒక ప్రయోగశాల పెట్టారు, కంచు విగ్రహాలకి పట్టిన కిలుము పని అక్కడ పేరుపడింది. పాత వస్తువుల మీద పనిచేసేవాళ్ళు ఎక్కడైనా అడిగేది ఒకటే, రేపు ఇది వెనక్కి తియ్యగలమా అని. సరేసు తియ్యగలం, ఆరిన ఫెవికాల్‌ని తియ్యడం నరకం.

మేకు చుట్టూ నల్లటి మచ్చ ఉంటే అది మురికి కాదు. చెక్కలోని వగరు పదార్థం, టానిన్లు, ఇనుముతో కలిసి ఇచ్చే రంగు. తుమ్మలో బాగా కనపడుతుంది. రుద్దితే పోదు. ఆక్సాలిక్ యాసిడ్ పొడి, పావు లీటరు గోరువెచ్చటి నీళ్ళకి ఒక పెద్ద చెంచా, పాలిష్ లేని చెక్క మీద బ్రష్‌తో. తర్వాత మంచినీళ్ళతో రెండు మూడుసార్లు కడగాలి. అది విషం, చేతులకి తొడుగులు వేసుకోండి, వంటగది గిన్నె వాడకండి, ఎండాక ఆ పొడి గాల్లోకి లేపకండి. లక్క పాలిష్ బాగుందంటే ఈ పని అసలు పెట్టుకోకండి, ఆ మచ్చతోనే వస్తువు బాగుంటుంది. నా మాట వినండి, మచ్చ లేని పాత సామాను కొత్తదానిలా ఉంటుంది, కొత్తదే కావాలంటే కొట్లో దొరుకుతుంది కదా!

చివర్న ఎవరో అడుగుతున్నారు... ఆ, "ఇదంతా మావల్ల కాదు, ఆచారిని పిలుస్తాం, ఏమని చెప్పాలి?" అని. మంచి ప్రశ్న. మూడు సంగతులు. పని మీ కళ్ళ ముందు, మీ ఇంట్లోనే జరగాలి. పీకిన మేకులు పారెయ్యకుండా మీ చేతికివ్వాలి, వాటిని ఏ చోటివో రాసి ఒక కవర్లో వేసి సొరుగు అడుగున ఉంచుకోండి, పాతవైతే తిరిగి అదే రంధ్రంలో పెట్టే అవసరం రావచ్చు. ఇక డబ్బు, మొత్తం పనికి ఇంత అని మాట్లాడకండి. అలా మాట్లాడితే ఎంత తొందరగా ముగిస్తే ఆయనకి అంత లాభం, చీలిక సుత్తి బయటికొస్తుంది. రోజు కూలికి మాట్లాడండి, మధ్యలో టీ ఇవ్వండి, మొదటి మేకు వెనక వైపు కనపడని చోట తియ్యమని చెప్పి పక్కన కూర్చుని చూడండి. అది చూశాక మిగతావి ఇవ్వాలో వద్దో మీకే తెలుస్తుంది. ఇప్పుడు ఆ పలకల మేకు నాకు తిరిగిచ్చెయ్యండి, ఒకరి భోషాణంది అది, రేపు దాన్ని మళ్ళీ దాని చోట పెట్టాలి.